పూత మీదే అమ్ముడైపోయే తోట

మే నెల వస్తే ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ మామిడి మాటలే. బంగినపల్లి పెట్టె ఎప్పుడు దిగుతుంది, ఎవరెవరికి ఎన్ని కావాలి అని. ఇంత ఆశగా కొనేవాళ్లం ఉండగా మన రైతు కాయ ఇక్కడిదాకా పెద్దగా ఎందుకు రావట్లేదన్నది నన్ను ఏళ్లుగా తొలుస్తున్న ప్రశ్న.

2007లో అమెరికా మన మామిడిని మళ్లీ రానిచ్చింది. టెంకపురుగు, పండు ఈగ భయంతో కనీసం 400 గ్రేల మోతాదులో రేడియేషన్ శుద్ధి చేయాలని షరతు పెట్టింది. జపాన్‌కైతే ఆవిరి శుద్ధి కావాలి. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపూ వచ్చింది. ఎగుమతులు పెరగాలంటే ఇంకా యంత్రాలు, శీతల గిడ్డంగులు కావాలంటారు. కావాలి, కాదనను. కానీ అసలు చిక్కు పూత దగ్గరే ఉంది.

నూజివీడు దగ్గర మా మేనమామకు తోట ఉంది. జనవరిలో పూత చూసి వ్యాపారి వస్తాడు, తోట మొత్తం గుత్తకు మాట్లాడుకుంటాడు. అడ్వాన్సు చేతిలో పడగానే పాత బాకీలు తీరతాయి, పిల్లల ఫీజు కడతారు. ఆ రోజు నుంచి చెట్లకు ఏ మందు ఎప్పుడు కొట్టారో మామయ్యకు తెలియదు, రాసిపెట్టేవాళ్లూ ఉండరు. ఎగుమతిదారు మొట్టమొదట అడిగేది ఆ లెక్కే.

కోతా అంతే. పై దేశానికి పంపే కాయను కాస్త ముచ్చికతో కోయాలి, తర్వాత ముచ్చిక తుంచి, బోర్లించి సొన కారిపోనివ్వాలి. గుత్తవాళ్ల కూలీలు దోటితో లాగి కుప్ప పోస్తారు. సొన పడ్డచోట తొక్క మాడి నల్లచార తేలుతుంది. మెక్సికో మామిడి లారీల్లో వచ్చేస్తుంది, విమానమెక్కే మన కాయ ధరలో దానితో పోటీపడలేదు. రుచితోనే నెగ్గాలి, అంత ఖరీదు పెట్టి మచ్చ కాయ ఎవరు కొంటారు?

"ముచ్చికతో కోయించరాదా మామయ్యా?" అని అడిగాను.

"కాయ నాదైతే గదా నాయనా, కోయించడానికి!" అన్నాడు.

ఆ జనవరి డబ్బు వ్యాపారి నుంచి కాకుండా రైతుల సొంత ఉత్పత్తిదారుల సంఘం నుంచి అందితే కాయ రైతుదిగానే ఉంటుంది. మందుల లెక్క రాస్తాడు, తోట ఎగుమతికి నమోదు చేయిస్తాడు, కోత దగ్గరుండి చూసుకుంటాడు. కాపు అమ్మాక అప్పు తీరుస్తాడు. ఒక్క ఊరు, ఇరవై మంది రైతులతో ఇక్కడి మన తెలుగు సంఘం ఆ మూలధనానికి పూనుకోవాలని నా కోరిక. వడగళ్లు పడ్డ ఏడు డబ్బు తిరిగి రాకపోవచ్చు, దానికీ సిద్ధపడే దిగాలి. చట్టప్రకారం ఏ దారిలో పంపాలో చెప్పగల ఆడిటర్లు మనలోనే ఉన్నారు.

డిసెంబరు సమావేశంలోనే దీన్ని చర్చకు పెట్టమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. జనవరికి పూత వస్తుంది, వ్యాపారి కూడా వస్తాడు.