మావగారి ట్రాక్టరు

(తొలకరి పడింది. దమ్ము చెయ్యాలి. పశువుల పాక పక్కన పాత హెచ్‌ఎంటీ 2511. సీటు మీద సూరిబాబు, అరుగు మీద వరలక్ష్మి.)

సూరిబాబు: ఏమేవ్! తాళం తిప్పితే కటకటమంటోంది గానీ సెల్ఫ్ తిరగట్లేదు. బ్యాటరీ పోయింది.

వరలక్ష్మి: లైటు వెలుగుతోందా?

సూరిబాబు: వెలుగుతోంది.

వరలక్ష్మి: మరి పోయిందంటారేం? ఆ టెర్మినల్ చూడండి, బూజు పట్టిన ఆవకాయలా ఉంది. వేడినీళ్లు తెస్తాను. ముందు నెగటివ్ వైరు విప్పండి, స్పానరు బాడీకి తగిలితే నిప్పులు రాలతాయి.

సూరిబాబు: నీకెవరు చెప్పారే ఇవన్నీ?

వరలక్ష్మి: మెకానిక్కు వచ్చినప్పుడల్లా మీరు రాజకీయాలు మాట్లాడతారు. నేను టీ ఇచ్చి అతని చేతుల వంక చూస్తాను.

(సెల్ఫ్ గిర్రున తిరిగింది. ఇంజిన్ మాత్రం అందుకోలేదు.)

సూరిబాబు: అదిగో, ఇంజిన్ పోయింది!

వరలక్ష్మి: మీకన్నీ పోయినవే! ట్యాంకు ఎండగట్టి నిన్న డీజిల్ పోశారు. గాలి పట్టుంటుంది. ఫిల్టర్ మీది బోల్టు వదులు చేసి డీజిల్ హ్యాండ్ పంపు కొట్టండి, నురగ ఆగేదాకా. అయ్యో, తుడుస్తున్నది నా జాకెట్టు ముక్కండీ!

(రెండు సిలిండర్లూ దగ్గి, డుగుడుగుమన్నాయి.)

సూరిబాబు: విన్నావా! నాన్న కొన్నప్పుడు 25 హార్స్‌పవర్ అంటే మాటలా!

వరలక్ష్మి: హర్యానా పింజోర్‌లో ఆ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూసేస్తామని కేంద్రం 2016లోనే చెప్పేసింది. మీరే ఇంకా ఒప్పుకోలేదు.

(క్లచ్ తొక్కి గేరు వేశాడు. గర్రుమంది.)

సూరిబాబు: క్లచ్ ప్లేటు అరిగిపోయింది. అది మార్చాలంటే బండిని రెండు ముక్కలుగా విప్పాల్సిందే!

వరలక్ష్మి: అరిగితే జారుతుంది, బండి లాగదు. ఇది తొక్కినా ఇంజిన్‌ని అసలు వదలట్లేదు. పెడల్ ఫ్రీ ప్లే, అదే తొక్కగానే మొదట ఉండే వదులు, సరిగ్గానే ఉంది. వానల్లో చూరు కింద వదిలేశారుగా, ప్లేటు తుప్పు పట్టి ఇంజిన్ వెనక చక్రానికి, ఆ ఫ్లైవీలుకి, అతుక్కుంది.

సూరిబాబు: అయితే ఏం చెయ్యమంటావు?

వరలక్ష్మి: ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి ఆపండి. గేర్లో పెట్టి, క్లచ్ అడుగంటా తొక్కి పట్టుకుని స్టార్ట్ చెయ్యండి. దూకుతుంది. దూకగానే బ్రేకులు గట్టిగా తొక్కితే ఊడొస్తుంది. ఆగండాగండి, పిల్లల్ని లోపలికి పంపనివ్వండి.

(బండి ఒక్క దూకు దూకింది. ఇక ఆగలేదు.)

వరలక్ష్మి: బ్రేకు! బ్రేకు తొక్కండి!

సూరిబాబు: తొక్కుతూనే ఉన్నానే! బ్రేకులు పట్టట్లేదని పోయినేడే చెప్పాగా!

వరలక్ష్మి: నాకెప్పుడు చెప్పారు?

సూరిబాబు: నీక్కాదే, మెకానిక్కుకి!

వరలక్ష్మి: ఏమన్నాడు?

సూరిబాబు: ఇంతలో ఎన్నికల మాట వచ్చింది!

(ట్రాక్టరు గడ్డిమేటులోకి సగం దిగబడింది. లోపలెక్కడో టప్పుమంది. చక్రాలు ఆగాయి, ఇంజిన్ ఆడుతూనే ఉంది.)

సూరిబాబు (గడ్డిలోంచి): వదిలిందే! క్లచ్ వదిలింది!

వరలక్ష్మి: సంతోషం. రివర్సు వేసుకుని ఇవతలికి రండి. వస్తూ వస్తూ గేదెకి రెండు పనలు లాక్కురండి.