పాలు పట్టడం కూడా ఒకరు దగ్గరుండి చూపించాల్సిందే
బిడ్డకు పాలు పట్టడం తల్లికి దానంతటదే వచ్చేస్తుంది, ఎవరూ నేర్పక్కర్లేదు అని ఎవరో రాశారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. తిరుపతిలో ఆపరేషన్ చేసి పాపను తీశారు, 3వ రోజుకే చనుమొనలు పగిలి రక్తం, పాప నోరు పెడితే చాలు నాకు కళ్ళల్లో నీళ్ళు. మా అత్తమ్మేమో నీకు పాలు చాలడం లేదు, డబ్బా పాలు పట్టేద్దాం అంటుంది, డ్యూటీ నర్సు అలవాటవుతుందిలే అని వెళ్ళిపోతుంది. చివరికి చిత్తూరు నుంచి మా పిన్ని తనతో ఒక రిటైర్డ్ నర్సమ్మను తీసుకొచ్చింది. ఆమె నా పక్కన దిండు వేసి, కుట్ల మీద బరువు పడకుండా పాప కాళ్ళు నా చంక కిందుగా వెనక్కి పోయేలా పడుకోబెట్టి, నోరు బాగా తెరిచేదాకా ఆగి, మొన ఒక్కటే కాకుండా చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి పోయేలా పట్టించింది. గడ్డం రొమ్ముకు ఆనాలంట, కింది పెదవి బయటికి మడిచినట్టు ఉండాలంట. పది నిమిషాల పని! పాప గుటక వేసే చప్పుడు అప్పుడే మొదటిసారి విన్నాను. పాలు చాలుతున్నాయా అని ఏడుపును బట్టి చూడొద్దు, 5వ రోజు దాటాక రోజుకు 6 సార్లయినా ఉచ్చ పోస్తోందా లేదా చూడండి అని కూడా చెప్పింది. ఇక మా అత్తమ్మకు తడి గుడ్డలు లెక్కపెట్టడమే పని.