సవరణ: ఎంపీసీయా, ఎంపీసీఎస్సా?

ఇంటర్ ఎంపీసీ అయ్యాక బీఎస్సీలో కెమిస్ట్రీ బదులు కంప్యూటర్స్ ఉన్న ఎంపీసీఎస్ తీసుకోవడమే మేలని మొన్న రాశాను కదా, దానికి రెండు సవరణలు.

మొదటిది, ఆ సలహా తెలంగాణలో దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) ద్వారా చేరేవాళ్లకే వర్తిస్తుంది. ఆంధ్రలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది, మూడు సబ్జెక్టులూ సమానంగా చదవడం పోయింది. అక్కడ ముందు తేల్చుకోవాల్సింది మేజర్ ఏంటనే, మైనర్ (రెండో సబ్జెక్టు) సంగతి తర్వాత.

రెండోది అసలైనది. ఎంపీసీఎస్ తీసుకుంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ దారి దాదాపు మూసుకుపోయినట్టే, ఎందుకంటే డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివుండాలని అడుగుతారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లోకి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. అదే కంప్యూటర్స్‌లో పీజీ అయిన ఎంసీఏకైతే ఐసెట్ ప్రవేశ పరీక్ష రాయడానికి ఇంటర్‌లో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ ఉంటే చాలు, అంటే మామూలు ఎంపీసీ వాళ్లు కూడా తర్వాత కంప్యూటర్స్ వైపు రావచ్చు. ఎంపీసీఎస్ నుంచి కెమిస్ట్రీ వైపు వెళ్లడమే కష్టం.

కోడింగ్ అంటే నిజంగా ఇష్టమున్నవాళ్లకి నా సలహా మారలేదు. మిగతావాళ్లు వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు కాలేజీ పేరు చూసి టకటకా నొక్కేయకుండా, పక్కనున్న కాంబినేషన్ కూడా చదవండి బాబూ!