విత్తనం మిగిలిన సరస్సు

2023 డిసెంబరు 29న అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, అప్పర్ రెడ్ లేక్ అనే సరస్సు మీద వంద మందికి పైగా జనం చిక్కుకుపోయారు. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టడానికి వెళ్లినవారు వాళ్లంతా. ఒడ్డుకూ వాళ్లకూ మధ్య మంచు చీలిపోయి నీళ్లు బయటపడ్డాయి. సహాయ సిబ్బంది వచ్చేలోగా ఒక చిన్న దోనెలో దాటబోయి కొందరు ఆ చలి నీళ్లలో పడ్డారు. చివరికి 122 మందినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చారు. అంతకు ఏడాది ముందు, 2022 నవంబరు 28న, ఇదే సరస్సు మీద దాదాపు 200 మంది ఇలాగే ఇరుక్కుని బయటపడ్డారు.

అంత పల్చటి మంచు మీదికి అంతమంది ఎందుకు వెళ్లారు? కింద చేప ఉంది గనుక. ఆ చేప అక్కడ ఎందుకు ఉంది? పాతికేళ్ల కిందట ఆ సరస్సు మీదే బతికేవాళ్లు తమంతట తాము వలలు తీసి ఒడ్డున పెట్టారు గనుక. ఈ రెండో సంగతి తెలియకుండా మొదటి దాని గురించి ఎంత మాట్లాడినా ఉపయోగం లేదన్నది మా అభిప్రాయం.

ఓజిబ్వే అనే ఆదివాసీ జాతి ప్రజలు ఈ సరస్సును తమ భాషలో ఎర్రనీటి సరస్సు అని పిలుస్తారు. ఎగువ, దిగువ భాగాలు కలిపి దాదాపు 2 లక్షల 88 వేల ఎకరాలు. ఇందులో దిగువ సరస్సు మొత్తం, ఎగువ సరస్సులో సగానికి పైగా రెడ్ లేక్ ఓజిబ్వేలది. తూర్పు వైపు సుమారు 48 వేల ఎకరాల నీళ్లు మాత్రమే రాష్ట్ర ప్రభుత్వం కిందికి వస్తాయి. 1889లో అమెరికా ప్రభుత్వం ఆదివాసుల ఉమ్మడి భూమిని ఇంటింటికీ ముక్కలుగా పంచేయాలని చూసినప్పుడు రెడ్ లేక్ పెద్దలు ఒప్పుకోలేదు. చాలా భూమి పోయింది, కానీ మిగిలిన నేల, నీళ్లు ఈనాటికీ జాతి మొత్తానికీ ఉమ్మడి సొత్తే. ఇక్కడ చేపల కథ ఇలా మలుపు తిరగడానికి ఆ ఉమ్మడితనమే ముఖ్య కారణం.

ఇక్కడ అందరికీ కావలసిన చేప వాలై. ఓజిబ్వే భాషలో ఓగా. పలచని ముళ్లు, తెల్లటి కండ, చీకట్లో పిల్లి కళ్లలా మెరిసే కళ్లు. సంధ్యవేళ మసక వెలుతురులో ఆ కళ్లతోనే అది వేటాడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆహారం కొరతని చెప్పి 1917లో ఈ సరస్సులో వ్యాపార వేట మొదలుపెట్టించారు. 1929 నుంచి ఓజిబ్వే జాలర్ల సంఘం దాన్ని నడిపింది. దశాబ్దాల తరబడి వలలు ఆగలేదు. లెక్కల్లోకి వచ్చిన చేపకు తోడు దొంగచాటుగా అమ్ముకున్న చేప మరెంతో ఉంది. రాష్ట్రం వైపు గాలాలు వేసినవాళ్లూ తక్కువ తినలేదు. 1990ల నడుమకు వచ్చేసరికి గుడ్లు పెట్టే పెద్ద ఆడచేపలు దాదాపు కనబడకుండా పోయాయి. రైతుల మాటల్లో చెప్పాలంటే, వచ్చే ఏటికి దాచిన విత్తనపు వడ్లు కూడా వండుకుని తినేశారు.

1997లో జాలర్ల సంఘమే సమావేశమై వ్యాపార వేట ఆపేయాలని తీర్మానించింది. ఏ కోర్టూ ఆపమనలేదు, ఏ పోలీసూ వచ్చి వలలు లాక్కోలేదు. తర్వాత ఇంటి తిండికి గాలం వేసే వేటను కూడా జాతి మండలి నిలిపివేసింది. 1999లో ఓజిబ్వేలు, మిన్నెసోటా సహజవనరుల శాఖ, కేంద్ర ప్రభుత్వ ఆదివాసీ వ్యవహారాల శాఖ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. తూర్పు వైపు నీళ్లలో రాష్ట్రం కూడా వాలై వేట మూసేసింది. 1999, 2001, 2003 సంవత్సరాల్లో మొత్తం 10 కోట్లకు పైగా పిల్లచేపలను సరస్సులో వదిలారు. వదిలే ముందు వాటిని ఒక మందు కలిపిన నీళ్లలో ఉంచేవారు. దాని ఆనవాలు వాటి ఎముకల్లో నిలిచిపోతుంది. తర్వాత పట్టిన చేపను ప్రత్యేకమైన వెలుగు కింద పెట్టి చూస్తే అది వదిలిన పిల్లా, సరస్సులోనే పుట్టిన పిల్లా అని తేలిపోతుంది. ఊహల మీద కాదు, ఈ లెక్కల మీద ఓజిబ్వేలూ రాష్ట్రమూ కలిసి నడిచారు. కొన్నేళ్లకు సరస్సు తన పిల్లల్ని తానే పెంచుకోగలిగింది. 2006లో వేట తిరిగి తెరిచారు. మొదట్లో రాష్ట్రం వైపు గాలం వేసేవాళ్లకు తలా రెండే చేపలు. ఓజిబ్వేలు కూడా వలలతో కాకుండా గాలాలతోనే మళ్లీ మొదలుపెట్టారు.

తొమ్మిదేళ్లు! ఆంధ్రప్రదేశ్ తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధం ఒక్కో గంగపుత్రుడి ఇంటికి ఎంత బరువో మనకు తెలుసు. పొయ్యి మీద ఏం పెట్టాలో తెలియని రోజులవి. అలాంటి రోజులను తొమ్మిదేళ్లపాటు, మరొకరు చెబితే కాకుండా, తామే నిర్ణయించుకుని మోసినవారి పట్ల మాకు గౌరవం ఉంది. ఈ రోజు అప్పర్ రెడ్ లేక్ మీద గుడిసె వేసుకుని కూర్చున్న ప్రతి సరదా వేటగాడూ ఆ తొమ్మిదేళ్ల ఫలమే తింటున్నాడు.

మంచు మీద వేట ఎలా సాగుతుందో చూడనివారి కోసం నాలుగు మాటలు. పెద్ద బర్మాతో మంచును తొలుస్తారు, పళ్లెమంత బొక్క పడుతుంది. నీళ్లు పైకి ఉబికి, చలికి క్షణాల్లో పొరకడతాయి. బూందీ దూసే గరిటె లాంటి చిల్లుల గరిటెతో ఆ పొరను తీస్తూనే ఉండాలి. జానెడు కర్రకు దారం, చివర గాలం, ఎర. రాత్రివేళ చలి పెరిగినప్పుడు కింద మంచు ముడుచుకుని చిట్లుతుంది, దూరాన ఉరిమినట్టు చప్పుడొస్తుంది. ఈ మధ్య మంచాలు, పొయ్యి, టీవీ ఉన్న చక్రాల గదులనే లాక్కొచ్చి రోజుల తరబడి ఉంటున్నారు.

నీటికి ఉన్న ఒక గుణం వల్లే ఇదంతా సాధ్యం. నీరు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉండి కిందికి దిగుతుంది, అంతకన్నా చల్లబడిన నీరు పైన ఉండి గడ్డకడుతుంది. అందుకే చేప కింద బతికే ఉంటుంది. అప్పర్ రెడ్ లేక్ లోతు తక్కువ గనుక మిగతా సరస్సుల కన్నా ముందే గడ్డకడుతుంది. ముందే గడ్డకట్టింది అనగానే రాష్ట్రం నలుమూలల నుంచీ జనం అక్కడికే పరుగెత్తుతారు. చూస్తే ఒడ్డు కానరానంత విశాలమైన సరస్సు. గాలి కాస్త గట్టిగా వీచిందంటే మంచు పలకను ఒడ్డు నుంచి విడదీసి అవతలికి నెట్టేస్తుంది. 2022లోనూ, 2023లోనూ జరిగింది ఇదే. 2023-24 చలికాలం మిన్నెసోటా రికార్డుల్లోకెల్లా వెచ్చని చలికాలం. ఆ రాష్ట్రపు సరస్సులు గత 50 ఏళ్లలో సగటున 10 నుంచి 14 రోజుల మంచుకాలాన్ని పోగొట్టుకున్నాయి.

మంచుకాలం తగ్గితే వేట తగ్గి చేపకు మేలేగా అని కొందరు అంటున్నారు. అది తొందరపాటు మాట. మంచు కరగడమే వాలైకి గుడ్లు పెట్టమనే పిలుపు. ఆ పిలుపు వేళ తప్పి వస్తే, పుట్టిన పిల్లలకు కావలసిన సూక్ష్మజీవుల మేత అప్పటికి సిద్ధంగా ఉండకపోవచ్చు. అదీగాక, రోజులు తగ్గినకొద్దీ ఉన్న రోజుల మీద రద్దీ పెరుగుతుంది. నవంబరు చివర్లో మూడున్నర అంగుళాల మంచు మీదికే మనుషులు దిగుతారు.

ఒడ్డున వాస్కిష్ లాంటి చిన్న ఊళ్లలో మంచు మీద దారులు వేసి, గుడిసెలు అద్దెకిచ్చి బతికేవాళ్ల కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. వారికి ఏడాది సంపాదనంతా ఆ మూడు నెలల్లోనే రావాలి. రెండు వారాలు పోతే అప్పు మిగులుతుంది. కానీ దారి ఎప్పుడు తెరవాలన్న నిర్ణయం దారి మీద డబ్బు వచ్చేవారి చేతిలోనే ఉండకూడదు. కొలత తీసేది మరొకరై ఉండాలి. ఆ కొలత రోజూ అందరికీ కనబడాలి. గాలి హెచ్చరిక ఉన్న రోజు దారి మూసే అధికారం స్థానిక షెరీఫ్‌కు, అంటే అక్కడి పోలీసు అధికారికి, స్పష్టంగా ఉండాలి. మూసిన రోజులకు ఆ చిన్న వ్యాపారులకు రాష్ట్రం ఆసరా ఇవ్వాలి. సంబరానికి వెళ్లినవారిని కాపాడటానికి అర్ధరాత్రి పడవలు నడిపే ఖర్చు కన్నా అదేమీ ఎక్కువ కాదు.

చేపల పరిమితుల గురించీ కొత్తగా ఆలోచించాలి. మనిషికి ఇన్ని అని లెక్క కట్టే పద్ధతి వచ్చింది, దారం వదిలి కింద ఏముందో తెలియక కూర్చునే రోజుల్లో. ఇప్పుడు శబ్ద తరంగాలతో నీటిలో ముందుకు చూసే సోనార్ యంత్రం తెర మీద ఒక్కో చేపా కదులుతూ కనిపిస్తోంది. ఎక్కడుందో చూసి అక్కడే తొలుస్తున్నారు. అవే నీళ్లు, కానీ వేటగాడు వేరు. సంఖ్య మార్చకుండా యంత్రాలను మాత్రం వదిలేస్తే 1990లు మళ్లీ వస్తాయని మా భయం. పట్టి వదిలే చేప విషయంలో కూడా జాగ్రత్త కావాలి. లోతైన నీళ్లలోంచి లాగిన చేపకు లోపలి గాలితిత్తి ఉబ్బి, వదిలినా మునగలేక చస్తుంది. రెడ్ లేక్ లోతు తక్కువ గనుక ఆ బాధ తక్కువే. కానీ సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ గాలిలో ఫొటో కోసం నిమిషం సేపు ఎత్తి పట్టుకుంటే మొప్పలు, కళ్లు గడ్డకడతాయి. ఆ చేప ఈదుకుంటూ వెళ్లినట్టు కనిపించినా బతుకుతుందన్న భరోసా లేదు. వదలదలచుకుంటే బొక్కలోంచి పూర్తిగా పైకి తీయకుండానే గాలం విప్పి వదలాలి.

ఇక చెత్త. సీసాలు, సిగరెట్ పీకలు, మలమూత్రాలు, గుడిసె కింద పెట్టిన చెక్కలు మంచు మీద వదిలేసి పోతే వసంతంలో అవన్నీ నీటి అడుగుకే చేరతాయి. గుడ్లు పెట్టే చోటుకే చేరతాయి. మంచు మీద చెత్త వదిలేస్తే వంద డాలర్ల జరిమానా వేసేలా మిన్నెసోటా 2023లో చట్టం తెచ్చింది. మంచి పని. అమలు చేసే సిబ్బంది సంఖ్య కూడా పెంచాలి.

ఇందులో తెలుగువారి ప్రమేయం ఏమిటని అడిగేవారికి 2022 డిసెంబరు 26ను గుర్తుచేస్తున్నాం. ఆరిజోనా రాష్ట్రంలోని వుడ్స్ కెన్యన్ సరస్సు మీద నడుస్తుండగా మంచు విరిగి, గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన దంపతులతో సహా ముగ్గురు మరణించారు. వాళ్లు చేపలకు పోలేదు, పండుగ సెలవుల్లో మంచు చూడటానికి వెళ్లారు. ఆ కుటుంబాల దుఃఖం మన ఊళ్లకు కూడా చేరింది. గోదావరి, కృష్ణ ఒడ్డున పెరిగిన మనకు ఈత తెలుసు, సుడిగుండం తెలుసు. గడ్డకట్టిన నీటి గురించి చెప్పే అమ్మమ్మలు మనకు లేరు. తెల్లగా, గట్టిగా కనబడేదల్లా నేల అనుకుంటాం.

అందుకే మిన్నెసోటా సహజవనరుల శాఖ చెప్పే లెక్కను ఇక్కడ ఇస్తున్నాం. మనిషి నడవాలంటే కనీసం 4 అంగుళాల కొత్త, పారదర్శకమైన మంచు ఉండాలి. చిన్న కారుకు 9 నుంచి 10 అంగుళాలు. మంచు తెల్లగా, నురగ కట్టినట్టుంటే ఈ లెక్కలను రెట్టింపు చేసుకోవాలి. ఒకచోట 6 అంగుళాలుంటే పది అడుగుల అవతలా అంతే ఉంటుందని నమ్మకూడదు. వాగు కలిసే చోట, వంతెన కింద, ఎండు గడ్డి పొడుచుకొచ్చిన చోట పల్చగా ఉంటుంది. మెడలో రెండు కొనదేలిన మంచు మేకుల పిడులు వేసుకుంటే, పడినా వాటిని మంచులో గుచ్చి పైకి లాక్కోవచ్చు. వచ్చిన దారి వైపే తిరిగి కాళ్లు కొట్టుకుంటూ పైకి ఎగబాకాలి. పైకొచ్చాక లేచి నిలబడకుండా పొర్లుతూ పోవాలి.

అమెరికాలో మన తెలుగు సంఘాలు జనవరిలో సంక్రాంతి వేడుకలు జరుపుకుంటాయి. ఉత్తర రాష్ట్రాల్లో అది సరస్సులు పూర్తిగా గడ్డకట్టి ఉండే నెల. ఆ రోజు ముగ్గుల పోటీకీ భోజనానికీ మధ్య ఒక అరగంట స్థానిక వన్యప్రాణి సంరక్షణ అధికారిని పిలిచి, కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఆ మంచు మేకులు ఎలా వాడాలో, వాలైని ఎలా కొలిచి వదలాలో చూపించమని మేం కోరుతున్నాం. ఈ ఏటి ఆహ్వాన పత్రికలు ఇంకా అచ్చుకు వెళ్లి ఉండవు.