నా మొదటి తుమ్ము ఎన్ని గంటలకు?

జ్వరం వచ్చింది, ఒళ్ళు నొప్పులు వచ్చాయి, ఇంట్లో చేసుకునే పరీక్ష చేస్తే కోవిడ్ గీత రాలేదు గానీ ఇన్‌ఫ్లుయెంజా ఎ గీత మాత్రం ఎర్రగా, ధీమాగా వచ్చి కూర్చుంది. ఇక్కడిదాకా అందరికీ అయ్యేదే. నా గొడవంతా ఆ తర్వాత నింపాల్సి వచ్చిన ఫారంతోనే.

డాక్టరుతో వీడియో కాల్ కావాలంటే ముందు ఆన్‌లైన్‌లో ఆ ఫారం నింపాలట. పేరు, వయసు, ఆస్తమా ఉందా, షుగర్ ఉందా, కిడ్నీలు బాగున్నాయా అని వరసగా అడిగింది, చెప్పాను. (కిడ్నీల సంగతి ఊరికే అడగరు. అవి సరిగ్గా పనిచేయని వాళ్ళకి ఫ్లూ మందు మోతాదు తగ్గించాలి.) తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. మీ లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి? తేదీ, గంట, నిమిషం. నిమిషం కూడా! 'తెలియదు' అనే గడి లేదు. 'సుమారుగా' అనే గడి లేదు. ఖాళీగా వదిలేస్తే ముందుకి పోనివ్వదు. మంగళవారం రాత్రి అని కొట్టి చూస్తే "48 గంటలు దాటాయి" అని ఎర్ర అక్షరాలు, దాని పక్కన ఎందుకో ఒక నవ్వు మొహం బొమ్మ. ఆ బొమ్మ పెట్టినవాడికి ఒక్కసారైనా ఫ్లూ రావాలని నా కోరిక.

ఈ 48 గంటల గోలేమిటంటే, ఫ్లూకి ఎక్కువగా రాసే యాంటీవైరల్ ఒసెల్టమివిర్, అదే టామిఫ్లూ, వైరస్‌ని నేరుగా చంపదు. వైరస్ మన కణంలో దూరి, తన నకళ్ళు తయారుచేసుకుని, బయటపడేటప్పుడు న్యూరామినిడేజ్ అనే ఎంజైముతో అంటు తెంపుకుని పోతుంది. హెచ్1ఎన్1 అంటారే, అందులో ఎన్ అంటే ఇదే. మందు ఆ ఎంజైముని పనిచేయనివ్వదు, కొత్త నకళ్ళు ఎక్కడివక్కడే ఇరుక్కుంటాయి. అప్పటికే బయటపడి ఊరేగుతున్న వాటిని మాత్రం ఏమీ చేయలేదు. అందుకే మొదటి 48 గంటల్లో మొదలుపెట్టమంటారు. ఆ తర్వాత నాలాంటి మామూలు మనిషి వేసుకుంటే దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే. అదే కోవిడ్ అయితే పాక్స్‌లోవిడ్ అనే మందు మొదలుపెట్టడానికి ఐదు రోజుల గడువు ఉంటుంది. అది ఎక్కువగా ముప్పు ఉన్నవాళ్ళకి ఇచ్చేదనుకోండి, పైగా నోరంతా లోహం రుచి, కొలెస్ట్రాల్ మాత్రల్లో కొన్నింటితో అసలు పడదు. అయినా ఐదు రోజులు ఐదు రోజులే కదా. వచ్చే రోగమేదో కాస్త గడువున్న రోగం వచ్చుంటే బాగుండేదని జీవితంలో మొదటిసారి అనిపించింది.

ఇంట్లో విచారణ మొదలైంది. మా ఆవిడ బుధవారం పొద్దున ఏడింటికే అంది. "లేవగానే మూలిగారు కదండీ" అని సాక్ష్యం. నేను రోజూ లేవగానే మూలుగుతాను, అది లక్షణం కాదు, స్వభావం. మా మావయ్య గారు ఇంకా వెనక్కి వెళ్ళారు. మంగళవారం రాత్రి నేను మూడుసార్లు గొంతు సవరించుకున్నానట. "నేను మాట్లాడుతున్నప్పుడే సవరించారు బాబూ, నాకు బాగా గుర్తు." ఆయన మాట్లాడుతున్నప్పుడు ఎవరైనా గొంతు సవరించుకుంటారు, లేకపోతే మధ్యలో మనకి వంతు రాదు. కానీ ఆ మాట పైకి అనలేం కదా. ఈ ఇద్దరిలో ఎవరి మాట నిజమైనా నా గడువు అప్పటికే అయిపోయినట్టే. నాకు తెలిసి మాత్రం మొదటి తుమ్ము బుధవారం పదకొండు గంటల ఆఫీసు మీటింగ్‌లో వచ్చింది. ఆ మీటింగ్ ప్రతి బుధవారం రికార్డవుతుంది. అంటే సాక్ష్యం ఉంది.

ఇక్కడ ఒక చిన్న వివరం. ఇదంతా జరుగుతున్నది శుక్రవారం పొద్దున, అప్పుడు కూడా నేను ఇంకో మీటింగ్‌లోనే ఉన్నాను. జ్వరంతో ఉన్నవాడు మీటింగ్‌లో ఎందుకున్నాడని మీరు అడుగుతారు, నేనూ అదే అడిగాను. "ఐదు నిమిషాలు ఆ షీట్ చూపించి పడుకోండి, రెస్ట్ ముఖ్యం" అన్నారు మా మేనేజర్. షీట్ చూపించాను. తర్వాత వేరే ఆయన ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. నా పని అయిపోయిందనుకుని బుధవారం రికార్డింగ్ తెరిచాను.

గంటన్నర రికార్డింగ్‌లో ఒక తుమ్ము వెతకడం మాటలు కాదు. కింద మాటలన్నీ అక్షరాల్లో కూడా వస్తాయి కాబట్టి 'తుమ్ము' అని వెతికాను, దొరకలేదు. 'దగ్గు', లేదు. ముందుకీ వెనక్కీ లాగగా లాగగా చివరికి దొరికింది. పదకొండు యాభై రెండుకి. నా తుమ్ముని ఆ యంత్రం కింద బ్రాకెట్లలో 'చప్పట్లు' అని రాసుకుంది! ఇంకా చూస్తే, మా మేనేజర్ "ఈ శని ఆదివారాలు కూడా కొంచెం కూర్చుంటే అయిపోతుంది" అని ముగించిన సరిగ్గా ఆ క్షణంలో ఆ చప్పట్లు, దాని పక్కన నా పేరు. కంపెనీ రికార్డుల్లో శాశ్వతంగా, శనివారం పనికి చప్పట్లు కొట్టిన ఒకే ఒక్క ఉద్యోగిని నేను.

సరే, అదే మొదటిదా కాదా? దాన్ని తేల్చాలి. వెనక్కి తిప్పాను. పదకొండు నలభై ఒకటికి ముక్కు రుద్దుకున్నాను. ముక్కు రుద్దుకోవడం లక్షణమా? మావయ్య గారు ఈ పాటికి నా కుర్చీ వెనక వచ్చి నిలబడ్డారు, కళ్ళజోడు పైకి తోసుకుని, "పెద్దది చెయ్యండి" అన్నారు. పెద్దది చేశాను. తెర నిండా నా మొహం. కళ్ళు సగం మూసుకుని, పెదవి ఒక పక్కకి పోయి, తుమ్ము రావాలా వద్దా అని ఆలోచిస్తున్న మొహం. అక్కడ ఆపి ఇద్దరం పరిశీలించాం. "ఇది రాబోయే తుమ్మా, ఆగిపోయిన తుమ్మా?" అని ఆయన సందేహం. ఆగిపోయిన తుమ్ము లెక్కలోకి వస్తుందా అని నా సందేహం. ముందుకి తిప్పాను, తుమ్మాను. వెనక్కి తిప్పాను, తుమ్ము లోపలికి పోయింది. సగం వేగంతో పెట్టాను. మనిషి సగం వేగంతో తుమ్మితే ఎలా ఉంటుందో ఎవరూ చూడకూడదు, ముఖ్యంగా అల్లుడిని ఎంచుకున్న మావగారు అసలు చూడకూడదు. బుగ్గలు ముందు వెళ్ళి, గడ్డం తర్వాత బయల్దేరి, చివరికి అద్దాలు తీరిగ్గా ముక్కు మీంచి దిగుతాయి.

మధ్యలో నాకు అనిపించింది, ఆ మాట్లాడుతున్నాయన ఎందుకు ఆగిపోయాడా అని. ఆలోచిస్తున్నాడేమోలే అనుకున్నాను.

మావయ్య గారు తెర మీద వేలు పెట్టారు. "అది సరే గానీ బాబూ, ఈ మూల గడిలో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాయన ఎవరు?" నేను చూశాను. ఆ మూల గడి మా మేనేజర్‌ది. శని ఆదివారాల సంగతి చెప్పేసి, వేరేవాళ్ళు మాట్లాడుతుంటే, పదకొండు యాభై నాలుగుకి ఆయన తల నెమ్మదిగా కుర్చీ మీదికి వాలింది. "పెద్దది చెయ్యండి" అన్నారు మావయ్య గారు. చేశాను. ఎందుకు చేశానో అడగొద్దు, నూట రెండు జ్వరం. "పాపం, ఈయనకి మీకంటే ఎక్కువ నీరసంగా ఉంది, ముందు ఈయనకి ఇప్పించండి ఆ మాత్రలు" అన్నారాయన. ఆయన గొంతు మెల్లగా ఉండే గొంతు కాదు.

అప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చింది మా ఆవిడ, చేతిలో తన ఫోను. నా టీమ్‌లో ఒకమ్మాయి తనకి ఫోన్ చేసిందట. "వదినా, సార్‌ని షేరింగ్ ఆపమనండి. మైకు కూడా."

మిగతాది నేను రాయను. ఆ మీటింగ్‌లో ఎంతమంది ఉన్నారో కూడా రాయను. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, చాట్‌లో పైకి వెళ్ళి చూస్తే "సార్, మీ స్క్రీన్ కనిపిస్తోంది" అని ఎవరో పెట్టిన మెసేజ్ కింద ఇంకొకడు "ఆగు, తుమ్ము అయ్యాక చెప్దాం" అని పెట్టాడు. వాడి పేరు నాకు గుర్తుంటుంది.

ఫారంలో పదకొండు యాభై రెండు అని కొట్టబోతే నిమిషాల గడిలో సున్నా, పదిహేను, ముప్పై, నలభై ఐదు మాత్రమే ఉన్నాయి. ఇందుకా నేను పరువు పోగొట్టుకుంది?

డాక్టరు వచ్చారు. ఫారం ఆయన చూడలేదు. "ఎప్పటి నుంచండీ?" అని మొదటి నుంచీ అడిగారు. చెప్పాను, నిమిషంతో సహా. ఆయన నవ్వారు. 48 గంటలంటే గడియారం చూసి తలుపేసేది కాదండీ, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది, అంతే అన్నారు. పెద్ద వయసువాళ్ళకి, గర్భిణులకి, పసిపిల్లలకి, ఆస్తమా, షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్ళకి, ఆసుపత్రిలో చేరేంత ముదిరినవాళ్ళకి అయితే గడువు దాటినా ఇస్తారట. "మీకు అవేం లేవు కాబట్టి వేసుకున్నా సరే, వేసుకోకపోయినా సరే. మీ ఇష్టం." మీ ఇష్టం! డాక్టర్ల నోట నేను ఎక్కువ భయపడే మాట అది. నా ఇష్టమే అయితే అసలు ఫ్లూ వద్దనేవాణ్ణి కదా.

వేసుకుంటే లాభమేమిటో కాస్త చెప్పమన్నాను. 75 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకి రెండు, ఐదు రోజులు. దానికి ఫలితం, సగటున ఒక రోజుకి కాస్త అటూ ఇటూగా ముందు తేరుకుంటారు. ఆయన చెబుతుండగానే పక్కన వెతికితే ఇంకా కచ్చితమైన లెక్క దొరికింది. వైద్య పరిశోధనలన్నీ పోగేసి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ 2014లో ఇచ్చిన సమీక్ష ప్రకారం పెద్దవాళ్ళలో 7 రోజులు పట్టేది 6.3 రోజులకి తగ్గిందట, అంటే సుమారు 17 గంటలు. బదులుగా నూటికి ఓ నలుగురికి అదనంగా వికారమో వాంతులో.

సరే, 17 గంటలు. కానీ ఏ 17 గంటలు? ఈ సంగతి ఎవరూ చెప్పరు. జ్వరం మండిపోతున్న మొదటి రోజులోంచి కోసేస్తానంటే రెండు చేతులా తీసుకుంటాను. కోత పడేది చివర్లో. చివరి రోజంటే ఏమిటి? జ్వరం పోయి, ఒంట్లో కాస్త ఓపిక వచ్చి, అయినా అందరూ మెల్లగా మాట్లాడుతూ, ఎవరూ ఏ పనీ చెప్పని రోజు. రోగం మొత్తంలో పనికొచ్చేది అదొక్కటే! లెక్క వేసి చూసుకున్నాను. బుధవారం పదకొండు యాభై రెండు నుంచి ఏడు రోజులంటే వచ్చే బుధవారం మధ్యాహ్నం దాకా. అందులోంచి 17 గంటలు తీసేస్తే మంగళవారం రాత్రి ఏడు. అంటే ఈ మందు వల్ల నాకు మిగిలేది ఒక రాత్రి నిద్ర, ఎలాగూ పడుకునే నిద్ర, ఆ పైన బుధవారం పదకొండు గంటల మీటింగ్. ఐదు రోజులు మాత్రలు మింగేది నేను, లాభం ఆఫీసుకి.

మా ఆవిడ ఈ లెక్కంతా ఓపిగ్గా విని, డాక్టరు కాల్ ఇంకా కట్ కాలేదని గుర్తుచేసింది. ఆయన ఈసారి నవ్వలేదు. ఇంట్లో డెబ్బై దాటి ఆస్తమా ఉన్న పెద్దాయన ఉన్నారని మధ్యలో ఎవరు చెప్పారో చెప్పారు, ఆయన దృష్టంతా అటు పోయింది. మావయ్య గారిని వేరే గదిలో ఉంచమన్నారు, ఏ కాస్త నలత అనిపించినా పరీక్ష కోసం కూడా ఆగకుండా వెంటనే ఫోన్ చేయమన్నారు. ముందుజాగ్రత్తగా కూడా ఈ మందు ఇవ్వొచ్చట, రోజుకి ఒకటి. "నాకెందుకు? నేను బాగానే ఉన్నాను. ఆ నిద్రపోయే ఆయనకి రాయండి" అన్నారు మావయ్య గారు.

ఆయనకీ రాశారు, నాకూ రాశారు. ఏదైనా తిన్నాక వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుందన్నారు. తిని, మాత్ర చేతిలో పట్టుకుని ఇంకా ఆ 17 గంటల గురించే ఆలోచిస్తుంటే మా మేనేజర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "త్వరగా కోలుకోండి. మందులు తప్పకుండా వాడండి. బుధవారం మీటింగ్‌కి ఉంటారుగా, కొంచెం విడిగా మాట్లాడాలి." దాని కిందే ఇంకోటి, ఆ బుధవారం రికార్డింగ్ సాంకేతిక కారణాల వల్ల తీసేశామని.

మా ఆవిడ చూస్తూ నిలబడింది కాబట్టి మింగాను. కాసేపటికి వికారం మొదలైంది. అది మాత్ర వల్లా, మెసేజ్ వల్లా అన్నది తేలలేదు. పక్క గదిలోంచి మావయ్య గారు, ఆ వీడియో తీసేసే ముందు నేనేమైనా దాచానా, దాస్తే తన ఫోన్‌కి పంపమని రెండోసారి కేకేస్తున్నారు.