మా బండి బొట్టు

ఇంటి చుట్టం గురించి చాడీలు చెప్పడం తప్పే కానీ, ఈ కథలో మా బావమరిది లేకుండా కుదరదు. మిగతావి గబగబా చెప్పేస్తాను. మేముండేది డాలస్‌లో. బండి 2003 నాటి పికప్ ట్రక్కు, పొరుగాయన ఊరు మారుతూ చవకగా ఇచ్చిపోయాడు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది. దసరాకు బండి కడిగాం, పూజ చేశాం, నిమ్మకాయలు తొక్కించాం.

మర్నాడు హ్యూస్టన్ పక్కన పేర్‌లాండ్‌లో ఉన్న మీనాక్షి అమ్మవారి గుడికి బయల్దేరాం. 45వ నంబరు హైవే మీద గంటకు 70 మైళ్లు అందుకోగానే ఇంజను గోల మొదలైంది. ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే ఆర్‌పీఎం ముల్లు, ఎప్పుడూ ఆ వేగంలో 2,100 దగ్గర కునుకు తీసేది, 3,000 మీద నిలబడి దిగనంటుంది. రానూపోనూ ఐదు వందల మైళ్లు పిండిమరలో కూర్చుని వెళ్లొచ్చినట్టే ఉంది.

తిరుగు ప్రయాణంలో హంట్స్‌విల్ దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది. రోడ్డు పక్కన టెక్సస్ పాతకాలపు నాయకుడు శామ్ హ్యూస్టన్ 67 అడుగుల విగ్రహం తెల్లగా నిలబడి ఉంటే, అమ్మకు చూపిద్దామని పిలిచాను. అమ్మ ఆ పెద్దమనిషి వైపు తల తిప్పలేదు. చేతులు జోడించి మీటర్ల వైపు చూస్తోంది.

"నాయనా, బొట్టు వెలుగుతోంది."

నిజంగానే వెలుగుతోంది. పూజ రోజున అమ్మ మీటర్ల అద్దం మీద పసుపు రాసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టింది. ఆ బొట్టు చీకట్లో నిప్పుకణికలా, నారింజ రంగులో మెత్తగా మెరుస్తోంది. నేను ఇంజనీరుని. పైగా జీతం తీసుకునే ఇంజనీరుని. వెలుగు ఎక్కడినుంచి వస్తోందో వంగి చూడాలి కదా? చూడలేదు. ఇంజను అలా అరుస్తుంటే ఇల్లు చేరతామో లేదో అన్న భయంలో నేనూ ఒక చెయ్యి స్టీరింగు మీద ఉంచి, రెండో చేత్తో కళ్లకద్దుకున్నాను. వెనక సీట్లో మా ఆవిడ ఫోను తీసి ఫొటో కొట్టి బంధువులందరికీ పంపింది. నూట అరవై మంది నమస్కారాలు పెట్టారు. ఆ నూట అరవైలో బావమరిది కూడా ఉన్నాడని ఇక్కడ ప్రత్యేకంగా మనవి చేసుకుంటున్నాను.

వాడుండేది సియాటెల్‌లో. బండి ముఖం చూడకుండానే ఫోనులో తేల్చేశాడు: "గేర్‌బాక్సు పోయింది బావా."

నేను ఒప్పుకోలేదు. గేర్‌బాక్సు నూనె చూశాను. ఎర్రగా ఉంది, మాడు వాసన లేదు. టైర్లు మార్చలేదు, కాబట్టి చక్రం చిన్నదై ఇంజను ఎక్కువ తిరుగుతోందనడానికి వీల్లేదు. గేర్లు మారే కుదుపులు లెక్కపెట్టాను. నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో మూడు కుదుపులు రావాలి. రెండే వచ్చాయి. కాగితం మీద లెక్క వేశాను. మూడో గేరులో ఇంజను ఎంత తిరిగితే వెనక ఇరుసుకు వెళ్లే షాఫ్టు అంతే తిరుగుతుంది. నాలుగోది ఓవర్‌డ్రైవ్, అందులో ఇంజను 0.7 వంతు తిరిగితే చాలు. 3,000ను 0.7తో హెచ్చవేస్తే 2,100. అంటే నాలుగో గేరు పడటం లేదు.

"నేను చెప్పిందీ అదే కదా బావా," అన్నాడు.

ఇంజను వేడెక్కకపోతే కంప్యూటరు నాలుగో గేరు పడనివ్వదని ఒక మిత్రుడు అంటే, ఒక శనివారం మొత్తం ధారపోసి, ఇంజను వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కూడా మార్చాను. కూలెంట్ కారి గరాజు నేల పచ్చబడింది. ముల్లు మాత్రం 3,000 దగ్గరే ఉంది. గేర్‌బాక్సులు బాగుచేసే చోట ఒకాయన బండి తలుపైనా తెరవకుండా 4,200 డాలర్లు అన్నాడు.

మొన్న ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన లోపల కూర్చుని, తాళం తిప్పి, అద్దం మీది బొట్టు చూసి, "ఇది రక్తమా?" అని అడిగాడు. నేను జవాబు వెతుక్కునేలోపే గోటితో గీకేశాడు. కింద చిన్న దీపం, దాని మీద అక్షరాలు: ఓ/డి ఆఫ్. ఆయన గేర్ రాడ్ పక్కనున్న బొత్తాం బొటనవేలితో నొక్కాడు. దీపం ఆరింది. హైవే ఎక్కితే ముల్లు బుద్ధిగా 2,100కు దిగింది. చూసినందుకు 140 డాలర్లు పుచ్చుకున్నాడు. వేలు పెట్టింది ఒక్కసారి.

పూజకు ముందు గేర్ రాడ్‌ను తడిగుడ్డతో రుద్ది రుద్ది తుడిచింది నేనే. అది ఒప్పుకుంటాను. కానీ దేవుడి దీపమైనా వీధి దీపమైనా పని జరుగుతుంటే వెలుగుతుంది, ఆగితే ఆరుతుంది. ఓవర్‌డ్రైవ్ ఆగిపోయిందని చెప్పడానికి వెలిగే దీపం ఎవడి బుర్రలో పుట్టిందో గానీ, వాడూ మా బావమరిదిలాంటివాడే అయ్యుంటాడు. సంగతి తెలిశాక వాడన్న మాట: "చూశావా బావా, గేర్‌బాక్సులోనే అని నేను ముందే చెప్పాను."

సాయంత్రం అమ్మను మా ఊళ్లోని గుడికి తీసుకెళుతుంటే సీట్లో కూర్చుంటూనే అద్దం వైపు చూసింది. "బొట్టేదిరా? వెలుగేదిరా? ఏం చేశారు?" అని గొంతు వణికించింది. సంచిలోంచి కుంకుమ భరిణె తీసి అదే చోట మళ్లీ బొట్టు పెట్టి, నా వైపు చూసింది.

గుడి రెండు మైళ్లే. ఆ వీధుల్లో గంటకు 30 మైళ్లు దాటేదే లేదు. బొత్తాం నొక్కాను.