గ్యాస్ అయిపోయిందండీ!

తెలుగునాట జబ్బులు రెండే. మనిషికి గ్యాస్ ఎక్కువవుతుంది, ఏసీకి గ్యాస్ అయిపోతుంది. ఛాతీలో పట్టేసినా, నడుం లాగినా, కళ్లు తిరిగినా మా ఊరి ఆర్‌ఎంపీ పొట్ట మీద రెండు వేళ్లు వేసి తట్టి "గ్యాసండీ" అంటాడు. బండిలో ఏసీ చల్లగా రాకపోయినా, అసలు రాకపోయినా, వచ్చి వచ్చి ఆగిపోతున్నా మెకానిక్కు బానెట్ ఎత్తకముందే "గ్యాసండీ" అంటాడు. వీళ్లిద్దరిలో ఎవరు ఎవరి దగ్గర చదువుకున్నారో యూనివర్సిటీలు తేల్చాలి.

ఈ శాస్త్రాన్ని నేను నాలుగు వేసవులు సొంత ఖర్చుతో అధ్యయనం చేశాను. ప్రయోగశాల మా డబుల్ క్యాబిన్ పికప్. వయసు పదహారేళ్లు. కంపెనీ పేరు చెప్పను, ఈ వయసులో దాని పరువు తీయడం భావ్యం కాదు. నూజివీడు దగ్గర తోటలో కోసిన కాయను విజయవాడ పక్కనున్న నున్న ఊరి మార్కెట్‌కి చేర్చడం దాని ఉద్యోగం. మామిడి సీజనూ, రోళ్లు పగిలే రోహిణి కార్తే కలిసి రావడం భగవంతుడి ఏర్పాటు. వెనక ట్రేల్లో బంగినపల్లి, ముందు సీట్లో మేము. మార్కెట్‌కి చేరేసరికి ఎవరు ముందు పండుతారా అన్నట్టు ఉంటుంది.

ప్రభుత్వం కూడా ఈ విషయంలో లోతుగా ఆలోచించింది. 2025 అక్టోబర్ 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతి సరుకు వాహనాలకు, అంటే మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటిన వాటికి, డ్రైవర్ క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేసింది. మంచి నిర్ణయమే. మా పికప్ అంతకంటే తేలిక. చెమట బండి బరువును బట్టి పడుతుందన్న సంగతి నాకు దాంతో తెలిసింది.

మొదటి మెకానిక్కు మా టౌన్లోనే ఉన్నాడు. బండి స్టార్ట్ చేయించి, ఏసీ పైపు పట్టుకుని, నాడి చూసే వైద్యుడిలా కళ్లు మూసుకుని "గ్యాస్ అయిపోయిందండీ" అన్నాడు. పావుగంటలో కొట్టేశాడు. ఎంత పట్టిందని అడిగితే "ఫుల్లండీ" అన్నాడు. ఆ బండికి గ్యాస్ ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మా స్టిక్కర్ గ్రీజు కింద ఎప్పుడో సమాధి అయింది, అది వేరే సంగతి. ఎక్కువ కొడితే ఎక్కువ చల్లదనం వస్తుందనుకోవడానికి ఇదేమీ పెళ్లి భోజనంలో నెయ్యి కాదు. మోతాదు దాటితే లోపల ప్రెషర్ పెరిగి ఉన్న కూలింగూ తగ్గుతుంది.

మొదటి ఏడాది ఒకసారి కొట్టించాను. రెండో ఏడాది రెండుసార్లు. మూడో ఏడాది మూడుసార్లు. పదో తరగతి లెక్కల్లో దీన్ని అంకశ్రేఢి అంటారు.

మూడోసారి ఉండబట్టలేక అడిగాను, "గ్యాస్ ఎక్కడికి పోతోంది బాబూ?" అని. షాపులో అందరూ నావైపు చూశారు. పెళ్లివారింట్లో కట్నం గురించి మైకులో అడిగినట్టయింది. చివరికి అతనే "పాత బండి కదండీ, తాగేస్తుంది" అన్నాడు.

ఇక్కడ ఒక్క నిమిషం గంభీరంగా మాట్లాడాలి. డీజిల్ అంటే తాగుతుంది, కాలుతుంది, పొగై పోతుంది. ఏసీ గ్యాస్ అలా ఖర్చయ్యే సరుకు కాదు. కంప్రెసర్ నొక్కితే వేడెక్కి, రేడియేటర్ ముందున్న కండెన్సర్లో ఆ వేడి వదిలి ద్రవంగా మారి, ఎక్స్‌పాన్షన్ వాల్వ్ సన్నని దారిలోంచి డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్లోకి వెళ్లి, అక్కడ మరిగి ఆవిరై, క్యాబిన్లోని వేడిని లాక్కుని మళ్లీ కంప్రెసర్ దగ్గరికే వస్తుంది. ఒంట్లో రక్తంలా తిరిగిందే తిరుగుతుంది. రక్తం తగ్గితే గాయం ఎక్కడని వెతుకుతాం. అయినా వెతకడానికి ఓపిక కావాలి, కొట్టడానికి సిలిండర్ చాలు.

పైగా ఈ కారిపోయిన సరుకు పేరు ఆర్134ఎ. పాత కార్లలో వాడిన ఆర్12 ఓజోన్ పొరకు చిల్లు పెడుతోందని 1987లో మాంట్రియల్ ఒప్పందం చేసుకుని, తర్వాత దాని బదులు దీన్ని తెచ్చారు. ఇది ఓజోన్ జోలికి పోదు. కాకపోతే కిలోకి కిలో లెక్కేస్తే బొగ్గుపులుసు వాయువు కన్నా వెయ్యి రెట్లకు పైగా భూమిని వేడెక్కిస్తుంది. అంటే నా బండి ఏసీ కోసం కొట్టించిన గ్యాస్ కారి, ఎండలు పెంచి, నన్ను మళ్లీ ఏసీ షాపుకే తోలుతుంది. ఇంత చక్కగా తిరిగే వ్యాపారం నేను ఇంకోటి చూడలేదు.

రెండో మెకానిక్కు మా బావమరిది వెతికిపెట్టినవాడు. అతను గ్యాస్ మాట ఎత్తలేదు. నాకు ఆశ పుట్టింది. కంప్రెసర్ను ఇంజిన్‌తో కలిపి తిప్పే క్లచ్ పట్టడం లేదని కనిపెట్టి, ప్రెషర్ స్విచ్ రెండు వైర్లూ కలిపి ముడేసి "డైరెక్ట్ చేశానండీ" అన్నాడు. డైరెక్ట్ చేయడం మన జాతి విద్య. ఫ్యూజు పోతే డైరెక్ట్, స్విచ్చు పోతే డైరెక్ట్, దర్శనం క్యూ పొడవుగా ఉన్నా డైరెక్టే. గ్యాస్ తగ్గితే కంప్రెసర్ను ఆపేయడానికే ఆ స్విచ్ పెట్టారు. లోపలి ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరగాలి, గ్యాస్ లేకపోతే కంప్రెసర్ ఎండి పట్టేస్తుంది. ఏడుస్తున్న పిల్లాడి నోరు మూసి జబ్బు తగ్గిందన్నట్టుంది ఈ వైద్యం. ఆగిరిపల్లి దాటేసరికి బానెట్ కింద కోడిని పట్టుకున్నట్టు అరుపులు మొదలయ్యాయి. బండి ఆపి ముడి నేనే విప్పాను.

మూడో ఆయన విజయవాడ ఆటోనగర్లో ఉంటాడు. పెద్దాయన. బండి చూసి ఏమీ అనకుండా ముందు నీళ్ల పైపు తెచ్చి కండెన్సర్ కడిగాడు. అందులోంచి మట్టి, మామిడాకులు, మూడేళ్ల పురుగులు వచ్చాయి. "నడుస్తున్నప్పుడు చల్లగా, ఆగితే వేడిగా ఉండేదా?" అని అడిగాడు. ఔనన్నాను. "దానికి సగం కారణం ఇదే బాబూ, గాలాడక" అన్నాడు. తర్వాత ప్రెషర్ చూసే నీలం, ఎరుపు గేజీలు తగిలించాడు. నైట్రోజన్ ఎక్కించి, సబ్బు నురగ రాసుకుంటూ పైపుల వెంట పాకాడు. గంటన్నర. చివరికి ఛాసిస్ క్లాంపుకి పైపు రాసుకుని అరిగిన చోట ఒక్క బుడగ లేచింది. ఆవగింజంత. నాలుగేళ్ల నా డబ్బు దాంట్లోంచే పోయింది.

ఆర్గాన్ వెల్డింగ్ చేయించాడు. జాయింట్లలోని రబ్బరు ఓ-రింగులు, తేమ పీల్చే డ్రయ్యర్ మార్చాడు. ప్రెషర్ స్విచ్ మళ్లీ దాని చోట దాన్ని పెట్టాడు. తర్వాత వ్యాక్యూమ్ పంపు పెట్టి, లోపలి గాలీ తేమా పోవాలని ముప్పావుగంట స్టూలేసుకుని కూర్చున్నాడు. చివర్లో గ్యాస్ సిలిండర్ని కాటా మీద పెట్టి గ్రాముల లెక్కన ఎక్కించాడు, బంగారం తూచినట్టు.

బిల్లు చూశాక నా అసలు బుద్ధి బయటపడింది. గ్యాస్ ధర అడగలేదు, వెల్డింగ్ ధర అడగలేదు. "వ్యాక్యూమ్ అంటే లోపల ఏమీ లేకుండా చేయడమే కదా, ఏమీ లేనిదానికి కూడా డబ్బులా?" అన్నాను. నాలుగేళ్లు "ఫుల్లండీ" అన్నవాడికి మారు మాట్లాడకుండా ఇచ్చిన మనిషిని నేనే. ఆయనేం కోప్పడలేదు. అందరూ అదే అడుగుతారట. కొందరు వ్యాక్యూమ్ వద్దు, ఆ డబ్బుకి ఇంకాస్త గ్యాస్ కొట్టమంటారట.

ఏసీ చల్లగా వస్తోంది. ఆ చలువలోనే డబ్బులిస్తుంటే ఆయన పొట్ట పట్టుకుని మొహం చిట్లించి, జేబులోంచి మాత్ర తీసి మింగాడు.

"ఏమైందండీ?"

"ఏముంది బాబూ, గ్యాసు. ఎనిమిదేళ్ల నుంచి రోజూ ఒకటి."

"ఎందుకొస్తోందో ఎక్కడైనా చూపించుకున్నారా?"

"దానికంత టైమెక్కడిది?" అంటూ రెంచీ పట్టుకుని పక్క బండి కిందకి దూరాడు.